పడవ మీద చెయ్యి వేయమన్నారు

ముందుగా క్షమించండి. నాకు అక్షరాలు వచ్చింది ముసలితనంలో. ఒత్తులు ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ తికమకపడతాను. ఒక పేజీ పూర్తయ్యేసరికి పొయ్యి మీద పప్పు అడుగంటుతుంది. నా మనవరాలు కీర్తన తప్పులు దిద్దిపెట్టి, "అమ్మమ్మా, పేర్లు మార్చెయ్, లేకపోతే గొడవలొస్తాయి" అంది. మార్చాను. మనుషుల్ని మాత్రం మార్చలేదు. అది నా వల్ల కాలేదు, వాళ్ళ వల్లా కాలేదు.

మద్దిలపాలెం వెనక ఒక సందులో 'నీడ' అని ఒక ఇల్లుండేది. మొగుడి చేతి దెబ్బలు తిన్న ఆడవాళ్ళు కొన్నాళ్ళు తలదాచుకునే చోటు. అక్కడ వంట నాది. తల్లుల వెంట వచ్చిన పిల్లల పలకల మీదే నేను అ ఆలు దిద్దుకున్నాను. ఆ ఇంటిని నడిపేది జ్యోతిర్మయి మేడం. మంచి మనిషి. కాకపోతే కూరలో ఉప్పు తగ్గిందన్నా మీటింగు పెట్టాలంటుంది.

రెండో ఆవిడ రోజారమణి గారు. 'పొదరిల్లు' అనే సలహా కేంద్రం ఆవిడది. మాట్లాడేటప్పుడు ఎదుటి మనిషి చెయ్యి తన చేతిలోకి తీసుకుని, తల ఒక పక్కకు వాల్చి వింటుంది. లోకంలో విరిగిపోయే కాపురం లేదని ఆవిడ నమ్మకం. విరిగినవన్నీ చెయ్యీ, కాలే తప్ప కాపురం కాదు.

మూడో ఆయన శ్రీరామ్మూర్తి గారు, సర్కారు తరపున. ఏ ఆఫీసో రాయను. బదిలీ మీద వచ్చాడు, తన పనేమిటో ఆయనకే ఇంకా సరిగ్గా అర్థమైనట్టు లేదు. అంతకు ముందు ఎక్కడో త్రాసులూ తూనికరాళ్ళూ పరీక్షించే పని చేసేవాడట. ఆడవాళ్ళ గోడు కూడా అలాగే వినేవాడు, ముల్లు ఎటు మొగ్గుతుందా అని చూస్తున్నట్టు.

ఇదివరకు ఈ ముగ్గురికీ పడేది కాదు. దెబ్బలు తిన్న మనిషి ఒకరి దగ్గరికి వెళితే 'మా పరిధి కాదమ్మా, వాళ్ళ దగ్గరికి వెళ్ళు' అనేవాళ్ళు. ఆ తరవాత పైనుంచి ఆజ్ఞ వచ్చింది, అందరూ చేతులు కలపాలని. కలిపారు. ఫొటో కూడా తీయించుకున్నారు. దానికి సమన్వయ వేదిక అని పేరు పెట్టారు. అప్పట్నుంచి ఆడవాళ్ళకు చాలా మేలు జరిగింది. ఇదివరకు మూడు చోట్లకు తిరిగి మూడుసార్లు చెప్పుకునే గోడు ఇప్పుడు ఒకే చోట కూర్చుని మూడుసార్లు చెప్పుకోవచ్చు. ఆటో ఛార్జీలు మిగిలాయి, అబద్ధం ఎందుకు.

ఈశ్వరి వచ్చింది ఎండలు మండిపోతున్నప్పుడు. సముద్రం మీద వేట ఆపేసే రోజులవి. ఆ రెండు నెలలూ చేపలు గుడ్లు పెట్టుకోవాలని సర్కారు పడవల్ని ఒడ్డున కూర్చోబెడుతుంది. సముద్రంలో చేపలు సుఖంగా ఉంటాయి. ఒడ్డున మగాళ్ళు పనిలేక తాగుతారు, ఇంట్లో ఆడవాళ్ళ పని పడతారు. ఈశ్వరి మొగుడు ఎల్లాజీ ఆమె కుడి చెయ్యి వెనక్కి విరిచాడు. చేపల గంప నెత్తికెత్తుకునే చెయ్యి. పిండికట్టుతో, కట్టుచీరతో వచ్చింది.

జ్యోతిర్మయి మేడం కూర్చోబెట్టి అంతా అడిగింది. ఈశ్వరి చెప్పింది. ముగిసే వేళకు రోజారమణి గారు వచ్చి, చెయ్యి పట్టుకుని, "మళ్ళీ మొదట్నుంచి చెప్పు తల్లీ, నీ మనసు తేలికవుతుంది" అంది. చెప్పింది. టీ తాగాక శ్రీరామ్మూర్తి గారు వచ్చాడు.

"క్లుప్తంగా చెప్పమ్మా" అన్నాడు కుర్చీ లాక్కుంటూ.

ఈశ్వరి నా వైపు తిరిగింది. "మామ్మా, నువ్వు సెప్పీ. నీకు వొచ్చీసింది కదా."

ఆయన నవ్వలేదు. "నువ్వే చెప్పాలి. కొట్టే ముందు నువ్వేమన్నావు?"

"ఏటీ అన్నేదు బాబూ. అన్నం ఎట్టాను."

"కూరేమిటి?"

"ఎండు సేపల పులుసు. ఉప్పెక్కువైందన్నాడు."

ఆయన మిగతా ఇద్దరి వైపు చూసి మెల్లగా తలాడించాడు, ముల్లు దొరికినట్టు.

ఆ సాయంత్రం ఈశ్వరి వంటింట్లో నా పక్కన కూర్చుని ఎడమ చేత్తో బియ్యంలో రాళ్ళు ఏరుతోంది.

"ఓలే ఈశ్వరీ, మరి ఆడి కాడికి ఎల్లిపోతావేటే?" అని అడిగాను.

"సచ్చినా ఎల్లను మామ్మా. దువ్వాడ టేసను ఇవతల మా సిన్నమ్మ సేపలమ్ముతాది. వొచ్చీమంటాది. మా సిన్నాన్నే బెదురుతన్నాడు. 'మన పెద్దలు తెగ్గొట్టి సెప్పీదాకా రానీను, ఆ ఎల్లాజీగాడు తాగొచ్చి నా గుమ్మంలో అల్లరి సేత్తాడు' అంతన్నాడు."

"మీ పెద్దలేటంతన్నారు?"

"తవిటయ్య తాతది ఒకటే మాట. 'నువ్వు కొట్టాడంతన్నావు, ఆడు జారిపడ్డాదంతన్నాడు. ఎవుల్ది నిజమో మా కళ్ళ ముందు తేలాల' అని."

"సెయ్యి ఇరిగినాది సూణ్ణేదా?"

"సూసాడు. జారిపడినా ఇరుగుతాది కదా అన్నాడు." కాసేపు బియ్యం ఏరి, మళ్ళీ తనే అంది. "ఆ బోటుకి కాలు తగిల్తే లెంపలేసుకుంటాడు మామ్మా. పసుపు రాత్తాడు, కుంకం ఎడతాడు, దండం ఎట్టుకుంటాడు. దాని మీద సెయ్యేసి అబద్దం ఆడమంటే సచ్చిపోతాడు. మావోలెవులూ ఆడరు. సంద్రం మీద మమ్మల్ని మోసీది అదే కదా. నన్నయితే ఆ కాలితోనే తంతాడు."

నేను రైతుల ఇంట్లో పుట్టినదాన్ని, సబ్బవరం పక్క పల్లెలో. పడవల మర్యాదలు నాకు తెలియవు. వింటూ ఉల్లిపాయలు తరుక్కున్నాను.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. 'నీడ' ఎక్కడుందో ఎవరికీ తెలియకూడదు. అది మొదటి నియమం. వీధి పేరు కూడా బయట చెప్పకూడదని మా చేత ప్రమాణం చేయించారు. సమన్వయ వేదికకు ఏడాది నిండబోతోందని ముగ్గురూ కలిసి మద్దిలపాలెం కూడలిలో పెద్ద ఫ్లెక్సీ కట్టించారు. ముగ్గురి ఫొటోలు, పైన మూడు గుర్తులు. ఎవరి గుర్తు పైన ఉండాలని పోట్లాడుకుని, చివరికి మూడూ ఒకే వరసలో వేయించారు. కింద 'బాధిత మహిళలకు రహస్య ఆశ్రయం' అని పెద్ద అక్షరాలు. పక్కనే మా సందు వైపు చూపిస్తూ ఎర్ర బాణం గుర్తు.

ఫ్లెక్సీ కట్టిన మర్నాడు ఎల్లాజీ వచ్చేశాడు. బాణం పట్టుకుని నేరుగా గేటు దగ్గరికి.

లోపలికి రానివ్వలేదు. గేటు బయట మట్టిలో కూలబడి ఏడ్చాడు. బలంగా, తీరుబడిగా ఏడ్చాడు. ఈశ్వరి వంటింటి తలుపు గడియ వేసుకుంది. రోజారమణి గారికి కబురు వెళ్ళింది. ఆవిడ వచ్చి, వాడి పక్కనే చతికిలబడి, వాడి చెయ్యి తన చేతిలోకి తీసుకుంది. ఏ చెయ్యో చూసుకుందో లేదో.

"నాకు అదంటే పేణం మేడం" అన్నాడు వాడు.

లోపలికి వచ్చి ఆవిడ కళ్ళు తుడుచుకుంది. "ఏడ్చే మగవాడిలో మార్పు మొదలైనట్టే."

మందు దిగేటప్పుడు ఏడవని మొగుణ్ణి నేనింతవరకు చూడలేదు. నా మొగుడూ ఏడ్చేవాడు. చాలా బాగా ఏడ్చేవాడు. పోయాడు.

ఆ వారమే మీటింగు. టీలు ఇస్తూ నేను గుమ్మం దగ్గరే ఉన్నాను.

"ఏడాది పండక్కి పైనుంచి పెద్ద మేడం వస్తున్నారు" అన్నాడు శ్రీరామ్మూర్తి గారు. "ఏడాదంతా ఏం చేశారంటే చూపించాలి కదా. మనం కలిపిన జంట ఒకటి కావాలి."

"జంట ఉందిగా" అంది రోజారమణి గారు. "ఎల్లాజీ, ఈశ్వరి."

జ్యోతిర్మయి మేడం గొంతు సవరించుకుంది. "అమ్మాయి ఇంకా ఒప్పుకోలేదండీ."

"ప్రోగ్రాం లోపు ఒప్పుకుంటుంది లెండి. మీరు చెప్పండి. ఎల్లకాలం మీ దగ్గరే ఉంచుకోలేరు కదా."

అది నిజమే. నీడలో గడువు ఉంటుంది. ఈశ్వరి గడువు దగ్గరపడింది. మొగుడింటికి పోవాలి, లేకపోతే రోడ్డు మీదికి. దువ్వాడకు పోదామంటే పెద్దల మాట కావాలి. ఆ పిల్ల మెడ చుట్టూ మూడు వైపుల నుంచీ తాడు బిగుస్తోంది, పట్టుకున్నవాళ్ళంతా మంచివాళ్ళే.

"ఇంకొకటి" అంది రోజారమణి గారు మెత్తగా. "ఆ చేతి కట్టు ప్రోగ్రాం దాకా ఉంచితే బాగుంటుంది. చూసేవాళ్ళకు చప్పున అర్థమవుతుంది."

"డాక్టరు ముందే తీసెయ్యమన్నారు" అంది జ్యోతిర్మయి మేడం.

"కట్టుతో ఒక ఫొటో తీద్దాం. స్టేజీ మీద విప్పించి, లేకుండా ఇంకొకటి తీద్దాం" అన్నాడు శ్రీరామ్మూర్తి గారు.

ముగ్గురికీ ఏ వాదనా లేకుండా కుదిరిన మొదటి మాట అది.

కుదరనిది హాలు. నీడ హాల్లో పెట్టాలని జ్యోతిర్మయి మేడం. పొదరిల్లు హాలుకి ఏసీ ఉందని రోజారమణి గారు. సర్కారు హాలుండగా ప్రైవేటు చోట ఏమిటని ఆయన. టీ రెండోసారి కాచాను. గొంతులు పెరిగాయి. ఎవరి హాల్లో పెడితే జంట వాళ్ళ ఖాతాలో పడుతుందని ముగ్గురికీ తెలుసు. చివరికి రోజారమణి గారికి ఒక ఆలోచన తట్టింది.

"బాధితురాలి గొంతు వినాలి కదా. ఈశ్వరినే అడుగుదాం."

పిల్లని పిలిపించారు. వెళ్ళడం ఇష్టమేనా అని ఎవరూ అడగలేదు. "ఏ హాలు బాగుంటుంది ఈశ్వరీ?" అని అడిగారు.

ఈశ్వరి చాలాసేపు గచ్చు వైపు చూసింది. మా అందరికీ ఏడుస్తుందనిపించింది. తల ఎత్తింది.

"మా బోటు కాడ ఎట్టండి. జాలారిపేట ఒడ్డు మీద. మా పెద్దలు కూడా వొత్తారు."

రోజారమణి గారు రెండు చేతులూ చెంపలకు ఆనించుకుంది. "చూశారా! ఎంత అందమైన ఊహ! సముద్రం, అలలు, కొత్త జీవితం!"

"బ్యాక్‌గ్రౌండు కూడా బాగుంటుంది" అన్నాడు శ్రీరామ్మూర్తి గారు. హాలు ఎవరికీ దక్కనందుకు ముగ్గురూ సంతోషించారు.

ఆ పూట ఈశ్వరి నా దగ్గరికి వచ్చి కంచం చాపింది. "ఇంకాస్త కూరెయ్యి మామ్మా."

"అయితే ఎల్లిపోతన్నావన్న మాట" అన్నాను. నాకు కోపం వచ్చింది.

"అది ఆడు తేల్సాల" అని అన్నం కలుపుకుంది. పిల్లకి మతి పోయిందనుకున్నాను.

వేట మళ్ళీ మొదలయ్యే ముందురోజు పెట్టారు పండగ. ఒడ్డున పడవలన్నీ రంగులు వేసుకుని, పసుపూ కుంకుమా, నిమ్మకాయల దండలతో వరసగా కూర్చున్నాయి. తెల్లారితే సముద్రంలోకి పోవాలి. ఎల్లాజీ పడవ నీలం రంగుది. దాని వెనక మా వాళ్ళ ఫ్లెక్సీ కట్టారు. గాలికి అది పటపటలాడి, ఒకసారి జ్యోతిర్మయి మేడం మొహం మీదా, ఒకసారి రోజారమణి గారి మొహం మీదా పడుతోంది. శ్రీరామ్మూర్తి గారి ఫొటో మధ్యలో చిరిగింది. తెచ్చిన కుర్చీలు ఇసకలో కూరుకుపోయి, కూర్చున్నవాళ్ళంతా వెనక్కి వాలిపోయి ఆకాశం చూస్తున్నారు. పెద్ద మేడం రాలేదు. ఇంకో మీటింగు ఉందట.

పేట జనం బాగానే వచ్చారు. గంపలు దింపుకుని ఆడవాళ్ళు ఒక వైపు, వలలు సర్దుకుంటున్న మగాళ్ళు ఒక వైపు. తవిటయ్య చుట్ట కాలుస్తూ ముందు కూర్చున్నాడు, ఇంకో ఇద్దరు పెద్దమనుషులతో. ఎల్లాజీ పొదరిల్లు వాళ్ళు కొనిచ్చిన తెల్ల చొక్కా వేసుకున్నాడు. ఈశ్వరి కట్టు చెయ్యి ఒళ్ళో పెట్టుకుని నా పక్కన కూర్చుంది.

శ్రీరామ్మూర్తి గారు మైకులో ప్రతిజ్ఞ చెప్పాడు, ఎల్లాజీ వెనకే అన్నాడు.

"నేను నా భార్యను గౌరవిస్తాను!"

"గౌరవిస్తాను!"

"మద్యం ముట్టను! ఆమెపై చెయ్యి ఎత్తను!"

"ముట్టను! ఎత్తను!"

గొంతు ఖంగుమంది. ఇంత మంచి కంఠం ఇన్నాళ్ళూ తిట్లకు వాడాడా అనిపించింది. మా వాళ్ళు చప్పట్లు కొట్టారు. పేట వాళ్ళు కొట్టలేదు. గవర్నమెంటు పని జరుగుతుంటే చూస్తున్నట్టు చూశారు.

రోజారమణి గారు జంటకు వేయడానికి తెచ్చిన దండలు విప్పుతోంది. అప్పుడు ఫొటోలు తీసే బాబీ ముందుకొచ్చాడు.

"మేడం, ఇంత మంచి బోటు వెనకాల వేస్టుగా ఉంది. అన్నా, ఇలా వచ్చి బోటు మీద చెయ్యేసి అదే ముక్క మళ్ళీ చెప్పు. వీడియో కూడా తీస్తాను. అదిరిపోద్ది."

ఎల్లాజీ మొహంలో నవ్వు పోయింది.

"సెప్పీసాను కదా. మళ్ళీ ఏటి?"

"ఫొటో కోసం బాబూ, ఒక్క నిమిషం" అంది రోజారమణి గారు.

"ఫొటోకయితే ఉత్తినే నిలబడతాను. సెయ్యొద్దు మేడం."

"సిగ్గు పడకూడదు." ఆవిడ నవ్వుతూ వాడి మణికట్టు పట్టుకుని పడవ మీద పెట్టబోయింది. వాడు కాలిన పెనం తగిలినట్టు చెయ్యి లాక్కున్నాడు.

వలలు సర్దుతున్న మగాళ్ళు చేతులాపారు. ఆడవాళ్ళు ఒకరి వెనక ఒకరు లేచి దగ్గరికి వచ్చారు. తవిటయ్య నోట్లోంచి చుట్ట తీశాడు.

"ఏరా ఎల్లాజీ, మైకులో సెప్పిందే కదా. పడవ మీద సెయ్యేసి సెప్పీ."

"తాతా, అది ఈలు సెప్పమన్నది. ఇది ఏరే సంగతి."

"ఏటా ఏరే సంగతి?"

"రేపు ఏటకెల్లాల."

"ఎల్లాల. అందరం ఎల్లాల. అయితే?"

"ఎల్లాలి కదా తాతా" అని వాడు సముద్రం వైపు చూశాడు. ఒడ్డు మీదున్న ప్రతి మగాడూ వాడితో పాటు అటే చూశాడు.

స్టేజీ మీద శ్రీరామ్మూర్తి గారు జ్యోతిర్మయి మేడం చెవిలో అడగడం నాకు వినిపించింది. "ఏమిటి సమస్య? బోటుకి రంగు ఇంకా తడిగా ఉందా?"

అప్పుడు వెలిగింది నాకు. ఈశ్వరి వైపు చూశాను. రెప్ప వేయకుండా మొగుడి చెయ్యినే చూస్తోంది. బియ్యం ఏరుతూ చెప్పిన మాట గుర్తొచ్చింది.

"సెయ్యెత్తనని సెప్పరా" అన్నాడు తవిటయ్య.

ఎల్లాజీ చెయ్యి వీపు వెనక దాచుకున్నాడు.

"పోనీ తాగనని సెప్పు."

"అదెలా తాతా... సలికి, తడికి..."

"మరి పిల్ల జారిపడ్డాదన్నావు. అది సెప్పు. పడవ ముట్టుకుని సెప్పు. 'జారిపడ్డాది' అను."

వాడికి చెమటలు పట్టాయి. పొదరిల్లు చొక్కా వీపుకి అంటుకుపోయింది. మనిషి అటు తిరిగాడు, ఇటు తిరిగాడు. ఆఖరికి వాడికి ఏదో దారి దొరికినట్టుంది. గబగబా వెళ్ళి పడవ ముందు భాగం మీద కుడి చెయ్యి వేశాడు.

"ఇదిగో, నిజం సెప్తన్నాను! ఉత్తినే కొట్టను! తప్పు సేత్తేనే కొడతాను! గంగమ్మ తల్లి మీదొట్టు!"

బాబీ టక్కున ఫొటో తీశాడు.

"పోనీలెండి, ఇదీ పురోగతే" అన్నాడు శ్రీరామ్మూర్తి గారు. "సగం తూకం కుదిరింది."

"చూశారా, అతనిలో నిజాయితీ ఉంది" అంది రోజారమణి గారు తడి కళ్ళతో.

ఈశ్వరి లేచింది. "తప్పు ఏదో ఎవులు సెప్తారు?"

వాడి చెయ్యి ఇంకా పడవ మీదే ఉంది. "నానే సెప్తాను. మొగుణ్ణి కదా."

"పులుసులో ఉప్పెక్కువైతే?"

"అది తప్పే కదేటి!"

ఆ వెనక గంపల దగ్గర ఒక ముసలామె పకపకా నవ్వింది. "ఓలమ్మో! సంద్రం నిండా ఉప్పే, దాన్నెంత కొడతాడో ఈడు!" ఆడవాళ్ళంతా అందుకున్నారు. నవ్వు ఒడ్డు పొడవునా పాకింది. నేనూ నవ్వాను, నోటికి కొంగు అడ్డం పెట్టుకోకుండా.

తవిటయ్య చుట్ట ఇసకలో గుచ్చాడు. "తేలిపోనాది. పిల్ల అబద్దం ఆణ్ణేదు. అమ్మా ఈశ్వరీ, నీ సిన్నమ్మ కాడికి ఎల్లు. నీకడ్డొచ్చినోడు నాతో మాటాడాల. ఇన్నావేట్రా?"

ఎల్లాజీ తల వంచుకుని పడవకు దండం పెట్టుకుంటున్నాడు.

ఆ పెద్దాయన్ని అందరూ మెచ్చుకున్నారు. నేను మెచ్చుకోలేదు. విరిగిన చెయ్యి కళ్ళ ముందున్నా నమ్మని మనిషి, పడవ మీద పడని చెయ్యి చూసి నమ్మాడు.

మిగిలింది రెండు దండలు. వాటిని ఏం చేయాలో వేదిక వాళ్ళు ముగ్గురికీ తెలియలేదు. తలలు దగ్గర పెట్టుకుని మాట్లాడుకుని, ఒకటి తవిటయ్య మెడలో వేశారు, ఆయనెవరో కనుక్కోకుండానే. రెండోది ఎవరు వేయించుకోవాలన్న దగ్గర మళ్ళీ మాట పట్టింపు వచ్చింది. టిఫిను పొట్లాలు మాత్రం సరిపోయాయి.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో ఈశ్వరి ఏడవడం మొదలుపెట్టింది. వెక్కి వెక్కి ఏడ్చింది.

"ఏటే గుంటా? నెగ్గావు కదే! ఎందుకేడుత్తన్నావు?"

"ఆడు సెయ్యేసి సెప్తే ఎల్లిపోదును మామ్మా."

"ఏటీ?"

"నిజంగానే ఎల్లిపోదును. మైకులో సెప్పింది గాలి మాట. ఆ పడవ మీద సెప్పుంటే జన్మలో నా మీద సెయ్యెత్తడు. నాకు తెలుసు. పడవ మీద సెయ్యేత్తాడేమో అనుకున్నాను." ముక్కు చీదుకుంది. "పడవకి బయపడినంత కూడా నాకోసం ఆలోసించనేదు."

ఆ పిల్ల సచ్చినా ఎల్లనన్నది నిజం. వాడు పడవ మీద చెయ్యి వేస్తాడేమో అనుకున్నదీ నిజమే. సిరిపురం దాటేదాకా ఆమె మంచి చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. తల వాల్చలేదు.

మర్నాడు పేపర్లో బొమ్మ పడింది. ఎల్లాజీ పడవ మీద చెయ్యి వేసి గుండె నిండా అరుస్తున్నాడు. కింద 'విడిపోయిన జంటను ఒక్కటి చేసిన సమన్వయ వేదిక' అని రాశారు. వార్త ముందురోజే రాసి పంపేశారట, మళ్ళీ మార్చే తీరిక ఎవరికీ లేకపోయింది. వాడు తప్పు చేస్తేనే కొడతానని ఒట్టు వేస్తున్న ఫొటో అది. మూడు ఆఫీసుల్లోనూ అద్దం కట్టించి గోడకు పెట్టుకున్నారు.

ఆ పైవారం మళ్ళీ మీటింగు జరిగింది, ఈ అనుభవం నుంచి ఏం నేర్చుకున్నామని. ఆడదాన్ని సొంత కాళ్ళ మీద నిలబెట్టింది నీడేనని జ్యోతిర్మయి మేడం అంది. మగాడి నోట నిజం చెప్పించింది తన సలహాలేనని రోజారమణి గారు అంది. మూడు హాళ్ళ తగవు తీర్చి ఒడ్డుకు చేర్చింది తానేనని శ్రీరామ్మూర్తి గారు అన్నాడు. పిల్ల దువ్వాడ ఎప్పుడు వెళ్ళిందో, కట్టు ఎవరు తీయించారో ఎవరూ అడగలేదు. నేనే తీయించాను. డాక్టరు దగ్గర ఫొటో ఏదీ తీసుకోలేదు. చాలాసేపు వాదించుకుని, ముగ్గురూ కలిసి ఒక పాఠం రాసుకున్నారు. ఇకమీదట కార్యక్రమాలు ఇసకలో పెట్టకూడదు, కుర్చీలు పాడవుతాయి.

నాకూ ఒక మాట చెప్పారు, కార్యక్రమంలో పని మనుషులు నవ్వడం బాగుండదని. నిజమే. ఆ నెల జీతం తీసుకుని గరిటె అక్కడే పెట్టి వచ్చేశాను.

ఈశ్వరి చెయ్యి అతికింది, కొంచెం వంకర మిగిలింది. గంప ఇప్పుడు ఎడమ చేత్తో ఎత్తుకుంటుంది. సిన్నాన్న మొదట మొహం ముడుచుకున్నాడు, ఇప్పుడు రేట్లు ఆమెనే అడుగుతాడు. ఎల్లాజీ ఇంతవరకు రాలేదు. వాడి చేపలు వాడి తల్లి అమ్ముతోందట. పులుసులో ఉప్పు సంగతి తెలియలేదు. పేపరు బొమ్మ ఉన్న కాగితం నేను దాచి ఇస్తే, ఈశ్వరి ఒక్కసారి చూసి, నవ్వి, ఎవరికో నెత్తళ్ళ చేపలు అందులోనే పొట్లం కట్టి ఇచ్చేసింది.

రాసింది అసిరమ్మ. వయసు అరవై ఎనిమిది. ఇప్పుడు ఉండేది దువ్వాడలో, ఈశ్వరి పక్క వాటాలో. అంతకంటే వివరంగా రాయను. బాణం గుర్తు అసలే వేయను.